గృహశిల్పము: తాత చేయి, పిల్లవాని కాలు



పట్టుచీరల మడతలలో పడు చిరుగులను గూర్చి ఈ మాసమున వ్రాసెదనని మాట యిచ్చియుంటిని. దానిని ఒక నెల వాయిదా వేయుచున్నందులకు మన్నింపుడు. ఈ నడుమ మా యింట నా కొంగు మూలమున ఒక అపరాధము జరిగినది. దానిని సరిదిద్దుకొనుటకు నాకు పదునారు దినములు పట్టెను. ఆ పని మీలో కొందరికైన ఉపయోగపడునని తోచి చీరల సంగతి ప్రక్కకు బెట్టితిని.

మావారు పనిచేయు పాఠశాలలో నాలుగేండ్ల క్రిందట పదవ తరగతి పిల్లలు బొబ్బిలి యుద్ధమును బొమ్మలుగా చేసిరి. 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు గల పలకమీద మట్టికోట బురుజు ఒకటి, దాని ముందు ముండ్లపొదలు, ఒక ఫిరంగి, దాని వెనుక సిపాయిలు, బురుజుమీద వెలమవీరులు. అంతయు కలిసి 27 బొమ్మలు. పైన అద్దపు మూత. బడి కప్పు బాగుచేయించుచుండగా అది వానకు తడిసిపోవునని మావారు దానిని మా యింటికి తెప్పించి వసారాలోని బల్లమీద పెట్టించిరి. మూత తీయవలదని చెప్పిరి కూడను. చెప్పుటచేతనే కాబోలు, ఒకనాటి మధ్యాహ్నము మూత తీసి దుమ్ము తుడువ మొదలిడితిని. అవతలి మూలకు వంగినప్పుడు కొంగు జారి ఒక బొమ్మకు తగులుకొనెను. నేను లేచునప్పటికి ఒక ముసలివాని చేయి మణికట్టు దగ్గర విరిగియుండెను. అతడు పట్టుకొని నడిపించుచున్న పిల్లవాడు చీలమండలవద్ద విరిగి ముండ్లపొదలో పడియుండెను.

బొబ్బిలి కథ తెలియని తెలుగింటి ఆడుది అరుదు. జంగముకథలలో విన్నవారు వినిరి. 1964లో వచ్చిన చలనచిత్రమున చూచినవారు చూచిరి. 1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరము విజయరామరాజుతో గూడి, రంగారావు ఏలుచున్న బొబ్బిలి కోటపై పడెను. ఫిరంగులకు ఎదురు నిలుచుట అసాధ్యమని తెలిసిన పిదప కోటలోనివారు తమ స్త్రీలను బిడ్డలను తమ చేతులతోనే కడతేర్చి, తామును పోరి మడిసిరి. తరువాత ఒక రాత్రి తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారము చొచ్చి అతనిని పొడిచి చంపెనని కథ. పౌరుషమునకు ఇది గొప్ప కథయే. ఐనను ఇందులో ఆడువారికి మిగిలినది చచ్చుట యొక్కటే గదా యని చిన్ననాట మా తాతగారి ఒడిలో కూర్చుండి వినునప్పుడే నాకు తోచెడిది. అడుగుటకు ధైర్యము చాలెడిది కాదు.

ఈ బొమ్మలు చేయునపుడు పిల్లలందరు పాపారాయునినే చేయుదుమని పట్టుబట్టిరట. ముగ్గురు పాపారాయులు తయారైరి. ఇద్దరికి తలపాగా మార్చి మామూలు బంటులను చేయవలసి వచ్చినదని మావారు ఇప్పటికిని నవ్వుచుందురు. ఒక్క కుర్రవాడు మాత్రము యుద్ధము చేయువాడు నాకు వలదనెనట. మావారు తరగతిలో చదివి వినిపించిన ఒక సంగతి వాని మనస్సున నాటుకొనెను. రాబర్ట్ ఓర్మ్ అను ఆంగ్లేయుడు ఆ కాలపు యుద్ధములను గూర్చి వ్రాసిన చరిత్ర రెండవ సంపుటము 1778లో వెలువడినది. అందు బొబ్బిలి ఘట్టము కడపట ఒక వృద్ధుడు కనబడును. సమస్తమును ముగిసి, గెలిచినవారు సైతము ఆ పీనుగులను చూచి నోటమాట రాక నిలిచియుండగా, అతడు ఒక బాలుని చేయి పట్టుకొని దూరమునుండి నడచివచ్చెనట. లా అను ఫ్రెంచి సేనాని కా బిడ్డను అప్పగించి, వాడు రంగారావు కుమారుడనియు, తండ్రి సంకల్పమునకు విరుద్ధముగా తాను వానిని కాపాడితిననియు చెప్పెనట. ఆ ముసలివానిని, ఆ పిల్లవానిని ఈ కుర్రవాడు చెక్కెను. ఫిరంగి ఇంకను ప్రేలుచుండగా వీరెట్లు వత్తురని మావారి యాక్షేపణ. కొలువులో శ్రీరామజననమును పట్టాభిషేకమును ఒకే మెట్టుమీద పెట్టుకొను మనకు అది ఆక్షేపణగా తోపదు.

ఇక పని మాట. ఈ బొమ్మలన్నియు నిజమైన మనిషిలో 32వ వంతు. 5 అడుగుల 8 అంగుళముల మనిషి ఈ కొలతలో 54 మిల్లీమీటర్లగును; సైనికుల బొమ్మలు చేయువారు చాలదేశములలో వాడు కొలత ఇది. మూడున్నర అడుగుల పిల్లవాడు 33 మిల్లీమీటర్లు. ముసలివాని మణికట్టు 2 మిల్లీమీటర్లకు లోపు. నేను విరిచినది చీపురుపుల్ల మొదలంత లావు కూడ లేదన్నమాట.

మొదటి రోజుననే రెండు తప్పులు చేసితిని. ముక్కలన్నియు ఏరుకొనకమునుపే వసారా ఊడ్పించితిని. మణికట్టునుండి ఎగిరిన చిన్న పలుకు ఆ చెత్తలో పోయినది. చేటలో జల్లించి చూచినను దొరకలేదు. ఏ బొమ్మ విరిగినను మొదట క్రింద తెల్లని గుడ్డ పరచి, ముక్కలన్నియు అందులోనికి ఏరి, మూట గట్టి, ఆ తరువాతనే చీపురు పట్టవలెను. రెండవ తప్పు, మావారు ఇంటికి వచ్చులోపల అతికివేయవలెనన్న ఆత్రము. క్షణములో పట్టుకొను జిగురు సొరుగులో నుండెను. ఒక చుక్క వేసితిని. ఆ కర్ర దూదివలె దానిని పీల్చివేసినది. అతుకు దగ్గర జిగురు నిలువలేదు, చుట్టును నల్లని మరక మాత్రము మిగిలినది. చేయి వంకరగా అంటి, మరునాటి ఉదయమునకు మరల ఊడినది. ఆ సాయంకాలము మావారికి ఏమియు చెప్పక అన్నము వడ్డించితిని. ఉదయమున చెప్పితిని.

ఆయన కోపింపలేదు. కాని వినదగిన మాట యొకటి చెప్పిరి: ఆ కుర్రవాడు ఇప్పుడు పాలిటెక్నిక్కులో చదువుచున్నాడనియు, సెలవులకు వచ్చినప్పుడు తల్లిని వెంటబెట్టుకొని ఈ బొమ్మలు చూపించుటకు వచ్చునని కబురు పంపియున్నాడనియు. ఆమె కూలిపనికి పోవునది, ప్రదర్శనమునాడు రాలేకపోయినదట. ఇక మూడు వారములు గడువు.

అప్పుడు భూతద్దము తెచ్చి విరిగినచోటును చూచితిని. ముందే చూడవలసినది. కర్ర తెల్లపొణికి, కొండపల్లి బొమ్మలు చేయు కర్రయే. చాల తేలిక, మెత్తన. కుర్రవాడు ముసలివానిని చాచిన చేతితో సహా ఒకే ముక్కలో చెక్కినాడు. దేహములో నారపోగులు నిలువుగా నున్నవి. అందుచేత చాచిన చేతిలో అవి అడ్డముగా పడినవి. రొట్టెముక్కను విరిచినట్లు అది విరుగకేమి చేయును? నా కొంగు కాకున్న మరియొకనాడు ఈగ వాలినను విరిగియుండును. (ఈ మాట నన్ను నేను సమర్థించుకొనుటకు చెప్పుట లేదు, కొంత సమర్థించుకొనుటకే చెప్పుచున్నాను.) కొండపల్లి పనివారు కాళ్ళు చేతులు వేరుగా చెక్కి అతుకుదురు. చేతిలోని పోగులు చేతి పొడవునే పోవునట్లు చూచుకొందురు. అతుకుటకు వారు వాడునది చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కు. కొంచెము మక్కు, ఎముకవలె లోపల ఒక పుల్ల యున్నచో ఈ చేయి నిలుచునని తోచినది.

మక్కు చేయు విధము. చింతగింజలు దోరగా వేయించి, పైపొట్టు ఊడదీసి, లోని తెల్లపప్పును రాత్రి నానబెట్టి మెత్తగా రుబ్బవలెను. నీరు కలిపి సన్నని సెగమీద గరిటె విడువక కలియబెట్టినచో గంజివలె చిక్కబడి జిగటవచ్చును. చల్లారిన పిదప వస్త్రగాళితమైన రంపపుపొట్టు కొద్దికొద్దిగా వేసి చపాతీపిండి పదునునకు తేవలెను. పొట్టు ఎక్కువైనచో పొడిపొడిగా రాలును. తక్కువైనచో ఆరునపుడు ముడుచుకొని పగులును. నేను మొదటిసారి తక్కువ వేసితిని. మైలుతుత్తము చిటికెడు కలిపినచో పురుగు పట్టదు, గాని అది విషము. పిల్లలున్న యింట వలదు. నేను కలుపలేదు.

బజారులో రెండు ముద్దలు కలిపి పిసుకు ఎం-సీల్ వంటివి గంటలో రాయివలె గట్టిపడును గదా, ఈ శ్రమ ఎందులకని మీరడుగవచ్చును. సీసపు బొమ్మకైనను, గట్టి ప్లాస్టిక్ బొమ్మకైనను నేనును అదియే వాడుదును. మెత్తని కర్రలో రాతివంటి అతుకు పెట్టినచో, తరువాతి దెబ్బకు అతుకు నిలిచి ప్రక్కనున్న కర్ర విరుగును. చింతగింజల అతుకును తడిగుడ్డతో నానబెట్టి విప్పవచ్చును. నా పని బాగుండలేదని ఎవరికైన తోచినచో విప్పి మరల చేసికొనవచ్చును. సీసపు బొమ్మల మాట వచ్చినది కనుక, వానిని గరుకు కాగితముతో రుద్దు పొడి పిల్లల ఊపిరికి సోకరాదు; తడిపి రుద్ది, ఆ నీరు దూరముగ పారబోసి చేతులు కడుగుకొనుడు.

ఎముకకు అగరువత్తిపుల్ల పనికివచ్చినది. వెలిగి ఆరిన వత్తి అడుగున మిగిలిన వెదురుపుల్లను బ్లేడుతో గీచి మిల్లీమీటరుకు లోపుగా సన్నము చేసితిని. ముసలివాని ముంజేతిలో 4 మిల్లీమీటర్ల లోతు బెజ్జము, పిల్లవాని పిడికిలిలో 3 మిల్లీమీటర్లు. బెజ్జమునకు యంత్ర మక్కరలేదు; కుట్టుసూదిని రెండు వ్రేళ్ళ నడుమ త్రిప్పుచు, నొక్కక, ఓపికగా దింపవలెను. ఒకే పుల్ల రెండు చేతులలోనికి పోయినది. పిల్లవాని చీలమండలకు మా అమ్మ వీణనుండి తీసి దాచిన పాత ఇత్తడితీగ ముక్కలు రెండు పెట్టితిని. అది బొబ్బిలివీణ కావుట నాకు ముచ్చటగా తోచినది. పనసకర్రలో చేయు ఆ వీణలకు బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి ప్రసిద్ధి.

చిక్కంతయు ఇక్కడనే వచ్చినది. పిల్లవాని పాదములు రెండును పలకకు అంటుకొనియే యున్నవి. కుడిపాదము నడచు దిక్కునకు, ఫ్రెంచివారి వైపునకు, ఉన్నది. ఎడమపాదము వ్రేళ్ళు మాత్రము కోటవైపు తిరిగియున్నవి. ముఖము చూడబోయిన ముందునకే యున్నది. ఇది కుర్రవాని పొరబాటని నాకు తోచినది. ఎట్లును విరిగినది కదా, ఆ పాదమును చెక్కివేసి సరియైన దిక్కున మక్కుతో క్రొత్తది చేసినచో వాని తప్పును దిద్దినట్లగును. నా అపరాధమునకు ప్రాయశ్చిత్తమగును. చాకుమొన పాదము క్రిందికి దూర్చి కొంచెము లేపితిని కూడను. రంగుపెళ్ళ యొకటి లేచినది. దాని క్రింద పలకమీద పెన్సిలుతో గీచిన చిన్న బాణపు గుర్తు కనబడినది. ఆ బాణము కోటవైపే చూపుచుండెను.

చాకు క్రింద పెట్టితిని.

మావారిని పిలిచి చూపించితిని. ఆయనకు ఇటువంటివి కనబడగానే ఏదో ఒక పుస్తకము జ్ఞప్తికి వచ్చును. 1815లో జరిగిన వాటర్లూ యుద్ధమును విలియం సైబర్న్ అను ఆంగ్లసేనాధికారి డెబ్బదివేలకు పైగా తగరపు బొమ్మలతో చేసి 1838లో లండనున ప్రదర్శించెనట. ప్రష్యా సైన్యపు బొమ్మలను అతడు నిలిపిన చోటు వెల్లింగ్టన్ ప్రభువునకు నచ్చక పెద్ద వివాదమైనదట. గెలుపులో వారి పాలు ఎంతయని తేల్చునది ఆ బొమ్మలు నిలిచిన చోటే గదా! అప్పుల పాలైనను సైబర్న్ ఆ బొమ్మలు చేయుట మానలేదు. ఆ నమూనా నేటికిని లండనులోని జాతీయ సైనిక ప్రదర్శనశాలలో నున్నది. ఇదంతయు చెప్పి మావారు, పాదమును ఉన్నచోటనే ఉంచుమని రెండు మాటలలో ముగించిరి. ఆ రెండు మాటలే ముందు చెప్పియుండవచ్చును.

పాదమట్లే యుంచి తీగలు దింపితిని. ముసలివానిని పలకనుండి ఊడదీయక, చేయి వాలిపోకుండ క్రింద చిన్న గిన్నెలో బియ్యము పోసి, ఆ బియ్యములో చేతిని ఆనించితిని. బియ్యము ఎటు కావలసిన అటు ఒదుగును, నొక్కదు. రెండు దినములు నీడన ఆరనిచ్చితిని. ఎండలో పెట్టిన మక్కు పైన ఎండి లోపల పచ్చిగా నుండి తరువాత నెరవిచ్చును. మూడవనాడు గరుకు కాగితమును సన్నగా చుట్టి, మక్కు ఉన్నంత మేరయే నునుపు చేసి, సుద్దపూత వేసితిని.

రంగు విషయమున ఒక మాట. ముసలివాని పంచె తెలుపని మనమనుకొందుము. తెల్లరంగు వేసి చూడుడు, అతుకు దీపమువలె వెలుగును. నాలుగేండ్ల దుమ్ము, వెలుతురు త్రాగిన తెలుపది. కొంచెము గోపీచందనపు చాయ, రవ్వంత నలుపు కలుపగా అది కుదిరినది. రంగు తడిగా నున్నప్పుడు ఒకటి, ఆరిన పిదప ఒకటి; కాగితముమీద వేసి, ఆరనిచ్చి, పగటి వెలుతురులో ప్రక్కన బెట్టి సరిచూచుకొనవలెను. కుర్రవాని రంగుమీదికి నా కుంచె పోకుండ జాగ్రత్తపడితిని. ఐనను మణికట్టు చుట్టును వెంట్రుకవాసి గీత మిగిలినది. మరియొక పూత వేసినచో అది పోవును, గాని మణికట్టు లావెక్కును. విడిచితిని.

కుర్రవాడు చెప్పిన ఆదివారమే తల్లితో వచ్చినాడు. మూత తీయకముందే నేను జరిగినదంతయు చెప్పివేసితిని, కొంగుతో మొదలుపెట్టి జిగురు మరక వరకు. వాడు మూత తీసి చాలసేపు వంగి చూచెను.

"ఆ చేయి ఎప్పటికైన విరుగునని నాకు తెలియునమ్మగారూ. వేరుగా చెక్కవలసినది. అప్పుడు తోచలేదు," అనెను.

"పాదము సంగతి నేను దిద్దబోయితిని, నాయనా. నీ గీత చూచి మానితిని."

వాడు మాటాడలేదు. వాని తల్లి ముందునకు వంగి, "ఆ కాలు అట్లేల పెట్టితివిరా?" అని అడిగెను.

"వాళ్ళమ్మ లోపలనే యున్నది గదా అమ్మా. ముఖము త్రిప్పితే తాత చూచును. అందుకని కాలు మాత్రము."

ఆమె కొంతసేపు ఆ బొమ్మనే చూచుచు నిలుచుండెను. తరువాత నా వైపు తిరిగి, "ఇంత చిన్న చేతిలో పుల్ల ఎట్లు దూర్చితిరమ్మగారూ?" అని అడిగెను. సూది తెచ్చి చూపించితిని. విరాటపర్వమున ఉత్తర, యుద్ధమునకు పోవు బృహన్నలను కౌరవుల వస్త్రములు బొమ్మలకై తెమ్మని అడుగును గదా. పెద్దలు యుద్ధము తలచుచుండగా ఈ పిల్లకు బొమ్మల చింత యేమని చదివినప్పుడెల్ల నవ్వుకొనెడిదానను. ఆనాడు మేమిద్దరము సూదిమీదికి వంగియుండగా అది జ్ఞప్తికి వచ్చినది. నవ్వు మాత్రము రాలేదు.

కుర్రవాడు అతుకు గీతను గోటితో తడవి, పసుపుపచ్చరంగు ఉన్నదా యని అడిగెను. ఇచ్చితిని. మూడు వెంట్రుకల కుంచెతో పిల్లవాని మణికట్టు చుట్టును, సరిగా ఆ గీత మీదనే, బంగారు మురుగు వ్రాసెను. దొరబిడ్డకు మురుగు ఉండవలసినదే, నాకు తోచనే లేదు. ముసలివాని చేతిమీది గీతను వాడు అట్లే యుంచినాడు. రంగు ఆరువరకు మూత వేయవలదని చెప్పి, తల్లిని తీసికొని బస్సు వేళకు వెళ్ళిపోయెను.